ఓరిన్ తిరిగి తెచ్చిన రైఫిల్

లొరేయా ఎచెవెర్రీ పెళ్లయిన ఏడాది నుంచీ బడి బస్సు నడుపుతోంది. నెవాడాలో, ఎల్కోకి ఉత్తరాన ఉన్న మట్టిరోడ్ల మీద. వెనక సీట్లలో పిల్లలు కొట్టుకుంటే అద్దంలోంచి ఒక్క చూపు చూస్తుంది, సద్దుమణుగుతారు. గట్టిమనిషని పేరు. గట్టిదనం కాదది. పోయిన చలికాలం నుంచీ మనసు మొద్దుబారిపోయింది, అంతే.

అప్పట్లో ఉమ్మడి గొర్రెల మందను తన అన్నలు అమ్మేశాక, ఆమె భర్త మట్టిన్ గడ్డి కొట్టంలో ఒళ్లో రైఫిల్ పెట్టుకుని కూర్చున్నాడు. లొరేయా చూసింది. భోజనానికి రమ్మంది. వచ్చాడు. మర్నాడు పక్క పొలం ఓరిన్ వచ్చి, “నక్కలు దూడల మీద పడుతున్నాయోయ్, నీ రైఫిల్ కొన్నాళ్లు ఇస్తావా?” అన్నాడు. ఓరిన్ ఇంట్లో తుపాకులకు కొదవ లేదని మట్టిన్‌కి తెలుసు. అయినా ఇచ్చేశాడు.

మా వైపు పద్ధతే అది. మనిషి కుంగిపోతే పక్కింటివాడికి నక్కల బెడద మొదలవుతుంది. అసలు మాట ఎవరూ పైకి అనరు.

ఈ నవంబరులో రాష్ట్రమంతా ఓటెయ్యాల్సిన ప్రతిపాదన ఒకటి వచ్చింది. తుపాకీ చేతులు మారాలంటే, అమ్మినా ఊరికే ఇచ్చినా, తీసుకునేవాడికి నేరచరిత్ర ఉందేమోనని లైసెన్సున్న దుకాణంలో తనిఖీ జరగాలి. మంచిదే. పెళ్లాన్ని చావగొట్టేవాడికి సంతలో తుపాకీ దొరక్కూడదంటే అలాంటి చట్టం కావలసిందే. కానీ ఊరికి దాన్ని విడమరిచి చెప్పిన నాథుడు లేడు. తుపాకుల దుకాణం వాడు మాత్రం చెప్పాడు: “పక్కోడి తుపాకీ ఇంట్లో ఉంటే ఏడాది జైలు.” ఓటింగు ఇంకా జరగనే లేదు. భయం మాత్రం అప్పుడే అమల్లోకి వచ్చేసింది.

శనివారం మధ్యాహ్నం ఓరిన్ దుప్పట్లో చుట్టిన రైఫిల్‌ని తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు.

“తీసుకో తల్లీ, నీ మొగుడి సొత్తు. ఈ వయసులో జైలు కూడు నావల్ల కాదు.”

“ఇంకా ఓట్లే పడలేదు కదా పెద్దాయనా.”

“పడతాయి. వేగస్ పట్నంలో జనం బోలెడు, అంతా కావాలనే వేస్తారు. వాళ్లకేం తెలుసు నక్కల సంగతి?”

కిటికీలోంచి చూస్తే మట్టిన్ గడ్డి బండి దగ్గర నుంచి ఇంటివైపు వస్తున్నాడు. అతను లోపల అడుగుపెట్టేలోగా ఆ దుప్పటి మూట బయటికి పోవాలి.

“చట్టంలో మినహాయింపు ఉంది,” అంది లొరేయా. పిల్లల కోసం బస్సులో ఎదురుచూస్తూ ప్రతిపాదన మొత్తం చదివింది. “ప్రాణాపాయం తప్పించడానికైతే, ఆ అపాయం ఉన్నంతకాలం ఇంకొకరి దగ్గర ఉంచొచ్చు. తనిఖీ అక్కర్లేదు.”

“ప్రాణాపాయమేంటి? నేను తీసుకుంది నక్కల కోసం.”

“పెద్దాయనా...”

“రేపు షెరీఫు అడిగితే ఎవరి ప్రాణమని చెప్పను? చెప్పు!”

లొరేయా మూటను అతని వైపు జరిపింది. పైకి చెప్పినవాళ్లనే చట్టం వదిలేస్తుంది. మేమేమో పైకి చెప్పకుండానే బతుకుతాం, చస్తాం.

“నాది.”

వెనక తలుపు దగ్గర మట్టిన్. వంగి బూట్లు విప్పుకుంటున్నాడు, తలెత్తలేదు. “నా ప్రాణమని చెప్పు. తీసుకెళ్లు ఓరిన్.”

పొయ్యి మీద చిక్కుడుగింజలు కుతకుతమంటున్నాయి. ఓరిన్ టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

“నక్కలు కూడా ఎక్కువగానే ఉన్నాయిలే,” అన్నాడు.

“ఉన్నాయి,” అన్నాడు మట్టిన్.

ఓరిన్ మూటను తీసుకెళ్లి తన ట్రక్కులో పెట్టి, తాళం వేసి వచ్చాడు. ముగ్గురూ కూర్చుని తిన్నారు.

ఓటింగు రోజు బడి ఆటల హాల్లో లొరేయాకి ఓరిన్ ఎదురయ్యాడు.

“వద్దనే వేశాను. నువ్వో?”

“కావాలని.”

“బస్సులో కూర్చుని చదివితే ఇలాగే తయారవుతారు.”

“రైఫిల్ ఉందా?”

“ఉండక ఎక్కడికి పోతుంది?”

ఆమెకు ఊరట కలగాలి. కలగలేదు. వెళ్లి బస్సు ఎక్కింది.

అపాయం ఉన్నంతకాలమే ఆ మినహాయింపు. ఉందో లేదో తేల్చేదెవరో అందులో రాయలేదు. ఆ సాయంత్రం మట్టిన్ చేతులు కడుక్కుంటుంటే పక్కన నిలబడి అడిగింది.

“ఇవాళ ఎలా ఉంది నీకు?”

అతను కుళాయి కట్టేశాడు. “నిన్నటిలాగే.”

“సరే,” అంది. తువ్వాలు అందించింది.

మర్నాడూ అడిగింది.