అక్క కథ ఉన్న ఫ్లాపీ

అమెరికాలో మా ఎడారి ఊరు చాండ్లర్‌లో జూన్ నెల మధ్యాహ్నం కారెక్కి సీటు బెల్టు బకిల్ ముట్టుకుంటే పెనం మీది అట్టు కష్టం తెలుస్తుంది. కారు నీడన పెట్టడానికి మాకు గరాజ్ ఉంది. అందులో కారు తప్ప అన్నీ ఉన్నాయి. ఈసారి నా చెయ్యితో పాటు మా ఆవిడ చెయ్యి కూడా కాలడంతో, గరాజ్ శుభ్రం చెయ్యడం తక్షణ కర్తవ్యం అయింది. అట్టడుగు పెట్టెలో ఒక బిస్కెట్ల డబ్బా, అందులో రెండు ఫ్లాపీలు కనిపించాయి. ఒకదాని మీద నా చేతిరాతతో ‘అక్క కథ’ అని ఉంది. ఇన్ని ఎండాకాలాల వేడికి అది చచ్చిపోయి ఉంటుందని కాస్త ఆశపడ్డాను.

అక్క అంటే తోడబుట్టింది కాదు. మేము ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు సోషల్ సెక్యూరిటీ ఆఫీసూ, కరివేపాకు దొరికే కొట్టూ ఒకే పూటలో చూపించిన మనిషి. ఆ రోజుల్లో ఇక్కడి తెలుగువాళ్ళం ఉగాదికి ఒక సంచిక వేద్దామనుకున్నాం. కంప్యూటర్ ఉద్యోగం కాబట్టి ఎడిటర్ని నేనే. అక్క తన మొట్టమొదటి కథ, ఉన్న ఒక్క కాపీ, తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను టైపు చేసి, ఫ్లాపీలో భద్రంగా ఉంది కదా అని కాగితాలు రీసైక్లింగ్ డబ్బాలో పడేశాను. అప్పట్లో తెలుగు ఫాంటు విడిగా ఎక్కిస్తే గానీ ఏ కంప్యూటర్లోనూ అక్షరాలు కనపడేవి కావు. ప్రింటింగ్ షాపుకి కథ పట్టుకెళ్ళి, ఫాంటు ఇంట్లో మర్చిపోయాను. వాళ్ళ తెర మీద ఏ దేశమూ తనదని ఒప్పుకోని భాష ఒకటి ప్రత్యక్షమైంది. ఫాంటు సంగతి తట్టక, ఫ్లాపీ పాడైందని తేల్చేశాను. సంచికలో ఆ పేజీలో గోంగూర పచ్చడి చేసే విధానం పడింది.

అక్క పెద్దగా ఏమీ అనలేదు. కొత్తవాళ్ళెవరొచ్చినా “నా కథ మింగేసిన ఎడిటర్ ఈయనే” అని పరిచయం చేసేది, అంతే. కానీ మరో కథ రాయలేదు. నాకు గుచ్చుకునేది అదే. పోయిన కథని మాత్రం, తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే ప్రతి పాట్‌లక్‌లోనూ చెప్పేది. మొదట్లో అందులో అమ్మాయి బస్ కండక్టరు. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళేనాటికి ఆ పిల్ల బస్సే నడుపుతోంది. మొన్నటికి బస్సుల కంపెనీ ఆవిడదే.

ఫ్లాపీ డ్రైవ్ ఒకటి ఆర్డర్ చేసి లాప్‌టాప్‌కి తగిలించాను. అది కచేరీ ముందు విద్వాంసుడిలా చాలాసేపు గొంతు సవరించుకుని, మూడోసారికి ఫైలు ఇచ్చింది. తెరిస్తే అదే పరాయి భాష. అప్పుడు రెండో ఫ్లాపీ మీద ‘ఫాంటు’ అని చదివి, ఇంజనీరునన్న సంగతి కాసేపు పక్కనపెట్టి సిగ్గుపడ్డాను. ఫాంటు ఎక్కించగానే ఒకటి రెండు ఒత్తులు పక్కింటికెళ్ళి కూర్చున్నా, కథ మొత్తం వచ్చేసింది.

ఫోన్ చేస్తే “మింగింది ఇన్నాళ్ళకి కక్కావన్నమాట! వస్తున్నా, టచ్ చేయకు” అంది అక్క. పావుగంట డ్రైవ్ పది నిమిషాల్లో చేసింది. కళ్ళజోడు పెట్టుకుని, నన్ను పక్కకి జరిపి, చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీకి మొహంలో వెలుగు తగ్గింది.

“ఈ పిల్లేంటయ్యా, పేరాకోసారి ఏడుస్తోంది?”

“కండక్టరు కదా అక్కా, చిల్లర దొరక్కేమో.”

“కండక్టరు కాదు. కిటికీ పక్కన కూర్చున్న ప్యాసింజరు. కండక్టరెవడో ఓదారుస్తున్నాడు. ఇది నేను రాసిందేనా?”

“కింద మీ పేరే ఉంది.”

డబ్బాలోని కథ అన్నేళ్ళూ కదలకుండా కూర్చుంది. అక్కతో పాటు తిరిగింది మాత్రం బాగా ఎదిగింది.

అక్క కళ్ళజోడు సర్దుకుంది. నా ప్రింటర్లోంచి దొరికినన్ని తెల్లకాగితాలు లాక్కుంది. పెన్ను అడిగి తీసుకుని, మొదటి కాగితం మీద ‘బస్సుల కంపెనీ’ అని రాసి కింద గీత గీసింది. అప్పుడు లాప్‌టాప్ నావైపు తోసింది.

“దీన్ని మళ్ళీ పోగొట్టు. ఆ పని నీకు బాగా వచ్చుగా.”