పియానో సీల

ఉద్యోగం కోసం తిరిగిన ఆ రోజుల్లో నాకు రాని విద్య అంటూ ఉండేది కాదు, అడిగేవాళ్లదే ఆలస్యం. పెనుకొండలో ఒక చర్చి బడికి టీచరుగా వెళ్లినప్పుడు పాస్టరమ్మ, "పియానో వాయించేకి వస్తాదామ్మా?" అని అడిగింది. ఆమె కుడి మణికట్టు ఎప్పుడో విరిగి, అతికినా వేళ్లు వంగేవి కావు. వస్తుందన్నాను. నాకు వచ్చింది హార్మోనియం. (ఎడమచేతికి గాలి కొట్టడం తప్ప ఇంకేమీ తెలియదు.) ఆదివారం పాటలన్నీ కుడిచేత్తోనే లాగించేదాన్ని. ఒళ్లో పెట్టుకున్న ఎడమచెయ్యి అలవాటు కొద్దీ ఊగుతూనే ఉండేది.

ఎండలు ముదిరాక పాస్టరమ్మ చెల్లెలి కూతురి పెండ్లి వచ్చింది. ముందురోజు సాధన చేస్తుంటే నడిమి మెట్టు ఒకటి నొక్కగానే పళ్లెం కిందపడ్డట్టు మోగింది. పై మూత తీసి చూస్తే, ఒక తీగ చుట్టుకున్న ఇనుప సీల వదులైంది. స్క్రూ అనుకుని కటింగ్ ప్లేయరుతో బిగించాను. చెయ్యి తీయగానే వెనక్కి తిరిగేది. నాలుగోసారికి తీగతో సహా ఊడి నా చేతికొచ్చింది. ఉద్యోగం కూడా ఊడిందనుకుని, ధర్మవరంలో మగ్గాలు చేసే వడ్రంగి అయిన మా నాయనకు ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి, ఆడిన అబద్ధంతో సహా అంతా చెప్పి ఏడ్చాను.

తెల్లారి మొదటి రైలుకే నాయన వచ్చాడు. తీగల వెంట చెయ్యి పోనిచ్చాడు. ప్రతి తీగకూ కింది కొస ఇనుప చట్రం కొక్కేనికి తగులుకుని ఉంది. పై కొస సీలకు చుట్టి, ఆ సీలను చెక్కలో దిగ్గొట్టారు.

"దీనికి మర లేదు, నట్టు లేదు. కట్టె గట్టిగా పట్టుకోనుంటేనే నిలబడేది. ఎండకు కట్టె ఆరిపోయి పట్టు వదిలేసినాది," అన్నాడు. పట్టు కోసం గరుకు ఉప్పుకాగితం ముక్క కత్తిరించి, చుట్టి రంధ్రంలో పెట్టాడు. సీలను అందులో నిలబెట్టి, సుత్తి ఎత్తి ఆగాడు. "వాయించేకి రాదని ఆయమ్మకు చెప్పి రాపో. అంతవరకూ ఇది కొట్టను."

వెళ్లి చెప్పాను. పాస్టరమ్మ ఎడమచేత్తో పూలు ఏరుతూ తలెత్తలేదు.

"మొదుటి ఆదివారమే తెలిసినాదిలేమ్మా. నువ్వే చెప్తావేమోనని చూస్తాంటి."

పెండ్లిలో ఆమె నా ఎడమపక్కన కూర్చుని తన ఎడమచెయ్యి మెట్ల మీద పెట్టింది. ఒకరు వాయించాల్సిన పాటను ఇద్దరం కలిసి వాయించాం. అక్కడక్కడా ఆమె ముందుండేది, నేను పరిగెత్తి అందుకునేదాన్ని. నాయన చివరి బెంచీలో కూర్చుని సీల ఉన్నవైపే చూస్తున్నాడు.

ఆ తర్వాత ఆమే నాకు రెండో చెయ్యి నేర్పింది. ఇప్పుడు పిల్లలకు నేను నేర్పుతున్నాను. పియానో ముందు మధ్యలో కూర్చోవాలని వాళ్లకు చెప్తూ, నేను మాత్రం బల్ల కుడికొసకే జరిగి కూర్చుంటాను.