రేపల్లె సున్నాలు

నాకు మొదటినుంచీ నా లెక్క మీద నమ్మకం ఎక్కువ. మా ఇంట్లో దాన్ని పొగరు అంటారు. నేనెప్పుడూ కాదనలేదు.

పొగకీ మబ్బుకీ వానకీ మెరుపుకీ ఉన్న సంబంధం మీద నా పరిశోధన. వేసవిలో మొక్కజొన్న కోతలయ్యాక నందివెలుగు చుట్టుపక్కల చేలల్లో దంట్లు తగలబెడతారు. ఆ పొగలోని సన్నటి నలుసులు మబ్బులో చేరితే నీటిచుక్కలు మరీ చిన్నవైపోతాయి. చిన్న చుక్కలు త్వరగా కిందికి రాలవు. మబ్బు ఇంకా పైకి పెరిగి, అక్కడ మంచు కట్టి, మెరుపులు ఎక్కువవుతాయి. పుస్తకాల్లో ఉన్న మాటే ఇది. మా డెల్టాలో దాన్ని నిరూపించాలని నా పట్టుదల.

నలుసులు లెక్కపెట్టే యంత్రం తెనాలిలో మా డాబా మీద, మెరుపులు పసిగట్టేది బాపట్లలో నా స్నేహితురాలి మేడ మీద పెట్టాను. వాన కొలిచే రాగి పాత్ర రేపల్లెలో తెలిసిన బామ్మగారి డాబా ఎక్కింది. డెబ్బై దాటినా ఆవిడ పని గడియారమంత కచ్చితం. రెండు వేసవులు రోజూ పొద్దున్నే పాత్రలో నీళ్ళు కొలిచి నాకు ఫోన్ చేసేది.

"గిన్నెలో ఎంత ఉందో అంతే చెప్పండి బామ్మగారూ. మిగతాదంతా నేను చూసుకుంటాను" అని మొదటిరోజే గట్టిగా చెప్పాను.

మామూలు వానలకి అంకెలు వచ్చేవి. ఉరిమిన రోజుల్లో మాత్రం ఒకటే మాట, "సున్నా అమ్మా." నేను ఎగిరి గంతేశాను. మెరుపు ఉంటే వాన లేదు! "రేపల్లెలో నిన్న బాగానే కురిసిందంటున్నారే" అని స్నేహితురాలు ఒకసారి అంది. "నాలుగు చినుకులు పడుంటాయిలే" అని కొట్టిపారేశాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. సిద్ధాంత గ్రంథంలో అసలైన అధ్యాయం ఆ సున్నాల మీదే రాశాను.

గ్రంథం ఇవ్వడానికి వారం ఉందనగా, పాత్రను ఫోటో తీసుకుందామని రేపల్లె వెళ్ళాను. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. తొలి ఉరుముకే బామ్మగారు కొంగు తలమీద వేసుకుని గబగబా మేడమెట్లు ఎక్కింది. నేను లేచేలోపే పాత్రను గుండెలకు హత్తుకుని కిందికి వచ్చింది. వెనకాలే వాన దబదబా దంచింది.

"ఏంటండీ బామ్మగారూ ఇది?"

"రాగిది కదమ్మా! ఉరిమేటప్పుడు రాగీ ఇత్తడీ బయట ఉంచుతామా? పిడుగు లాగేస్తుంది. ఎప్పుడూ తీసేస్తూనే ఉన్నాగా."

అంటే నా సున్నాలన్నీ ఇంట్లోకి తెచ్చిపెట్టిన గిన్నెవే. "మరి నాకు చెప్పలేదేంటండీ?"

"గిన్నెలో ఉన్నంతే చెప్పమన్నావు కదమ్మా."

అధ్యాయం పోయింది. దానికి నేను ఏడవలేదు. మా గైడ్‌గారికి నేనే చెప్పి గడువు పెంచమని అడిగాను. వచ్చే వేసవికి ప్లాస్టిక్ పాత్ర పెట్టి మళ్ళీ కొలుస్తాను. నా ఊహ నిలబడుతుందని ఇప్పటికీ నా నమ్మకం.

కానీ ఆ రోజు ఆవిడ తడిసిన తల తుడుచుకుంటూ ఉంటే కోపం ఆపుకోలేక అడిగాను. "గిన్నె పోతే పోయింది. పిడుగు మీ మీద పడితేనో?"

"నా మీదెందుకు పడుతుందమ్మా, నేను రాగిదాన్నా?" అని నవ్వింది.

మెరిసేటప్పుడు డాబా మీదికి వెళ్ళొద్దని ఆ రెండు వేసవులూ ఊరూరా తిరిగి రైతులకు చెప్పాను. ఆవిడకు మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. నేను మురిసిపోయిన ప్రతి సున్నాకీ ఆవిడ పిడుగుల కింద మేడ ఎక్కి దిగింది.