రంగనాథం గారి చదరపు ముక్కలు

కోసపాళయంలో మేము అద్దెకున్న ఇంటి కింద వాటాలోనే రంగనాథం గారి బొమ్మల కొట్టు. పిల్లల కథల్లోని నక్కలను, మొసళ్లను, కొంగలను ఆయనే చెక్క మీద గీసి, రంగులేసి, రంపంతో వంకరటింకర ముక్కలుగా కోసి అమ్ముతారు. అంచులు కలిపి పేరిస్తే బొమ్మ తయారవుతుంది. కొన్నవాళ్లకు కథ కూడా చెప్పి పంపేవారు. వద్దన్నా వదిలేవారు కాదు! తమిళ ఊళ్లో పుట్టి పెరిగి తెలుగు చదవడం, రాయడం రాదు గానీ, కథ ఎత్తుకున్నారంటే బేరాలన్నీ ఆగాల్సిందే.

రోజూ సాయంత్రం మనవరాలు అర్చిత ఊఁ కొట్టాలి. ఒక్క ఊఁ తప్పినా కథ ఆపేసి మూతి ముడుచుకునే మనిషాయన.

పోయిన ఏడాది పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చేతులు బాగానే ఉన్నాయి. గొంతులో మాత్రం ఒక్క "ఊఁ" మిగిలింది. కథలు తనతోనే పోతాయని ఆయనకు దిగులు పట్టుకుంది. నక్కా మొసలీ బొమ్మ ఒకటి కోసి అర్చిత ముందు పెట్టారు. ఆ పిల్ల అంచులు చూసుకుంటూ చిటికెలో పేర్చేసి, నోరు విప్పకుండానే ఆడుకోవడానికి పరుగెత్తింది. ఆయన ఆ పేర్చిన బొమ్మ వైపే చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత కోసిన బొమ్మలో ముక్కలన్నీ ఒకే కొలత చదరాలు. ఒక్కో ముక్క మీద కథలో ఒక్కో ఘట్టం. ఏది ఎక్కడ పెట్టినా అమరుతుంది. చేతి పట్టు కూడా తప్పిందేమో పాపం అనుకున్నాను.

"ఏంది తాతా, అన్నీ ఒకే మాదిరి కోసినావు? ఏది యాడ పెట్టేది?" అంది అర్చిత. నోరు తెరిచిన మొసలిని మొదట పెట్టింది. తాత తల అడ్డంగా ఊపారు.

"అవును గదా, ఇట్ల నోరు తెరిస్తే నక్క దాని వీపెక్కుతుందా!" అని ఆ ముక్క తీసేసింది. గట్టు మీది నక్క ముక్క వెతికి మొదట పెట్టింది. "ముందు నక్క ఏటి గట్టున నిలబడింది."

"ఊఁ" అన్నారు రంగనాథం గారు.

"నేను దాటిస్తా రా అనింది మొసలి."

"ఊఁ."

"అప్పురం నక్క వీపెక్కింది. నడి ఏట్లో మొసలి నోరు తెరిచింది..."

ఊఁ రాలేదు. ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు.

అర్చిత చేతిలో ముక్క చేతిలోనే పట్టుకుని మూతి ముడుచుకుంది.

"ఊఁ కొట్టకపోతే నేను చెప్పను, పో తాతా!"