మామ్మ పేరు గడిలో పడిన రోజు

పందొమ్మిది వందల అరవై ఎనిమిదో తొమ్మిదో సరిగ్గా చెప్పలేను గానీ, నాకింకా పెళ్లి కాలేదు. ఆమదాలవలసలో రైలు దిగి, అద్దె సైకిలు మీద ఒకాయన మా ఊరొచ్చాడు. మేం తెప్పించే వారపత్రిక వాళ్లే పంపారట. ఒక్కో ఇంట్లో ఎంతమంది చదువుతున్నారో రాసుకుపోతాడట. మా అరుగు మీద కూర్చుని గళ్ల కాగితం తీశాడు.

మా ఇంట్లో చదవడమంటే, మధ్యాహ్నం పనులయ్యాక ఎనిమిదో తరగతి చదివిన మా వదిన సీరియల్ పైకి చదివేది. మామ్మ, అమ్మ, నేను చింతపిక్కలు తీస్తూ వినేవాళ్లం.

"అయితే ఒక్కరే" అని రాసుకోబోయాడాయన.

మామ్మకి రోషం వచ్చింది. "అదేటి బాబూ? ఒక్క వారం మానకుండా ఇన్నాను. నన్ను రాయవేటి?"

"వినేవాళ్లకి గడి లేదండీ. కళ్లతో చదవాలి."

మామ్మ మొహం మాడిపోయింది. ఎలాగైనా ఆ గడిలో పడి తీరాలని అక్కడే బైఠాయించింది.

ఆయన వదినని అడిగాడు. "పోయిన వారం కథలో ఏమైందమ్మా?"

వదిన తెల్లమొహం వేసింది. నోరు చదువుతుంటే మనసు పుట్టింట్లో తిరిగేది, పాపం. "ఎవలో ఏడిసినారండి" అంది.

"ఎవలో కాదే, అత్త ఏడిసింది! గుమ్మంలో కూకుని!" అని మామ్మ అరిచింది.

ఆయన తల గోక్కున్నాడు. "చదివినావిడకి గుర్తులేదు, గుర్తున్నావిడకి చదువు రాదు. మీ ఇంట్లో చదివేవాళ్లు సున్నా అండీ."

"రాదని నీకెవుడు సెప్పినాడు? తే, సదువుతాను!"

బొమ్మ చూసి పోయిన వారం పేజీ పట్టుకుంది మామ్మ. గొంతు సవరించుకుని మొదలెట్టింది. మాట పొల్లుపోలేదు. ఆయన పక్క నుంచి వేలితో వరసలు చూస్తూ నోరు తెరిచాడు.

"నువ్వు లేనిదే నేను బతకలేను అంటూ అతడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అత్తా, పాలు పొంగిపోతన్నాయి, బేగి సూడు! ఆమె సిగ్గుతో తల వంచుకుంది."

ఆయన వేలు ఆగిపోయింది. "మామ్మగారూ, ఈ పాలు ఇందులో లేవండీ."

"మా ఇంట్లో ఉన్నాయి కదా" అంది మామ్మ, ఏమీ తగ్గకుండా.

"అవునండి, ఆ రోజు మా కోడలు సదువుతూ మద్దెలో కేకేసింది. సగం పొయ్యిలోనే పోనాయి" అని అమ్మ సాక్ష్యం చెప్పింది.

ఆయన పగలబడి నవ్వి, గడిలో ఒకటి వేసి, పక్కనే మామ్మ పేరు రాశాడు.

"మరి నేనండి?" అంది వదిన.

"మీరు చదివి వినిపించేవారమ్మా. దానికీ గడి లేదు."

వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ్మ దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది.

"ఊరుకోవే. నీ వంతు కూడా నేనే సదివెత్తాను."