బోరబండలో దిగాను

లింగంపల్లిలో ఉదయం తొమ్మిది ఇరవై లోకల్ రైలు ఎక్కాను. బోరబండకు టికెట్ చాయ్ కన్నా చవక. ఆ స్టేషన్ మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను గానీ, పదిహేనేళ్లుగా అక్కడ దిగలేదు. ముఖం చెల్లలేదు.

అప్పట్లో కృష్ణానగర్‌లో చిన్న గదిలో ఉంటూ సినిమా పాటల్లో గ్రూప్ డాన్సర్‌గా చేసేదాన్ని. రిహార్సల్లో జారిపడి మోకాలు దెబ్బతింది. ఇక డాన్స్ కుదరదని డాక్టర్ చెప్పిన రోజు, మా భీమవరం వెళ్లిపోదామని పెట్టెతో బోరబండ ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. రైళ్లు వచ్చి పోతున్నా లేవలేక ఏడుస్తుంటే, మెట్ల దగ్గర జామకాయలమ్మే యాదమ్మక్క నన్ను తన ఇంటికి తీసుకెళ్లింది. నెల రోజులు కాలికి కాపడం పెట్టింది. పక్కింటివాళ్ల కుట్టుమిషన్ మీద పని నేర్పించింది. లింగంపల్లిలో పని దొరకగానే, చెప్పబోతే ఏడుపొస్తుందని, ఆమె ఇంట్లో లేని వేళ చూసి వచ్చేశాను. మొన్న సొంతంగా టైలరింగ్ షాపు తెరిచాక ఇక ఆగలేకపోయాను.

నా పక్క సీట్లో మేకప్ పెట్టెతో ఒక అమ్మాయి కూర్చుంది. "ఫిలింనగర్ పోయేటోళ్లం మస్తుమందిమి బోరబండలనే దిగుతం ఆంటీ. బయట ఆటోలుంటయ్," అంది.

మెట్ల కింద యాదమ్మక్క అక్కడే ఉంది. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి, వెంటనే నా మోకాలి వైపు చూసింది.

"నొప్పి పోయిందా బిడ్డా?"

"చెప్పకుండా వెళ్లిపోయాను. తప్పయిపోయింది అక్కా."

"మస్తు కోపమొచ్చింది. రెండు దినాలు అన్నం తినలే. మల్ల అనుకున్న, కాలు బాగయినందుకే గదా పోయింది అని."

నా ఏడుపు ఆగేదాకా వీపు నిమిరింది. తర్వాత మాటల్లో పడ్డాం. స్టేషన్ రాకముందు అక్కడంతా బండలేనట. ఆమె భర్త రాళ్లు కొట్టేవాడు.

"గీ ప్లాట్‌ఫారం కట్టెటప్పుడు నేను కంకర తట్టలు మోసిన. మొదటి రైలొస్తే అందరం చప్పట్లు కొట్టినం."

"మరి నువ్వెప్పుడైనా ఎక్కావా?"

"నాకేం పనుండె? ఇల్లు గీడనే, గంప గీడనే."

లింగంపల్లికి రెండు టికెట్లు తీసుకున్నాను. వద్దు వద్దంటూనే గంపను పక్కనున్న పూలామెకు అప్పజెప్పింది. పదకొండు నలభైకి రైలొచ్చింది. కదలగానే నా చేయి గట్టిగా పట్టుకుంది. హైటెక్ సిటీ దాటాక వదిలి, కిటికీలోంచి చూస్తూ, "లోపల గింత మంచిగుంటదా!" అంది.

ఆమె మోసిన కంకర మీదే నేను ఆ రోజు కూర్చుని ఏడ్చానని నాకిన్నాళ్లూ తెలియదు. లింగంపల్లికి ముందు ఇంకా రెండు స్టేషన్లు ఉన్నాయి. రైలు జర నెమ్మదిగా పోతే బాగుండుననిపించింది.