బిగబట్టిన ఊపిరి

పొద్దు పొడవకముందే కసరత్తుకు కాశిబుగ్గ తాలీంఖానాకు వచ్చేవాడు నేతపని లింగమూర్తి. మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని వంగిన వెన్ను, సన్నని వేళ్లు. కుస్తీ గోదాలోని ఎర్రమట్టి దోసెడు తీసి వాసన చూసి, ఇంకా కలలోనే ఉన్నట్టు దండీలు మొదలుపెట్టేవాడు. పదో దండీకి బొడ్డు కింద కలుక్కుమనేది. ఎవరికీ చెప్పేవాడు కాదు. పొట్ట పట్టేస్తే రేపు మగ్గం తొక్కేదెలా అన్న దిగులు మాత్రం వెంటే తిరిగేది.

ఒకనాడు నొప్పికి ఆ మట్టిలోనే ముడుచుకుపోయాడు. తాలీం నేర్పే ఉస్తాద్ కట్టయ్య పక్కన కూర్చుని అతని పొట్ట మీద అరచెయ్యి ఆనించాడు.

"ఏందిరా, దండీలు తీస్తానవా, తెగిన పోగు అతుకుతానవా? ఊపిరెందుకు బిగవడ్తానవు?"

నిజమే. ఈ యుద్ధకాలంలో కంట్రోలు కింద ఇచ్చే నాసిరకం నూలు మాటిమాటికీ తెగేది. కొసలు కదలకుండా ఊపిరాపి అతకడం అతనికి అలవాటైపోయింది.

"నొప్పి తగ్గేదాక తాలీం బంద్. మల్ల వచ్చినంక ఐదే తియ్యి. లేసేటప్పుడు ఊపిరి ఇడువు, జర నిమ్మళంగ."

పక్షం తర్వాత ఐదు తీశాడు. నొప్పి రాలేదు. ఆ పొద్దంతా మబ్బు మీద కూర్చున్నట్టు మగ్గం తొక్కాడు. మధ్యాహ్నం పోగు తెగింది. రెండు కొసలూ దగ్గరికి తెచ్చి, హాయిగా ఊపిరి వదిలాడు. కొసలు చెరో పక్కకు ఎగిరిపోయాయి.